పాత స్పీకర్ బాక్సుల్లో క్రాసోవర్: పీకేయాలా, బాగు చేయాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. నాన్నగారు 1980 ప్రాంతంలో కొన్న త్రీ-వే బాక్సుల (బాస్‌కి ఊఫర్, మధ్య స్వరాలకి మిడ్, పై స్వరాలకి ట్వీటర్ అని మూడు స్పీకర్లుండేవి) జతను శ్రీకాకుళంలో అటక మీంచి దించారు. ఊఫర్లు బాగానే ఉన్నాయి, కుడి బాక్సు పర్వాలేదు, ఎడమ దాంట్లో మాత్రం ట్రెబుల్ దాదాపు లేదు. ఒక మెకానిక్ పాత నెట్‌వర్క్ (క్రాసోవర్ అన్నా ఇదే, పాటని విడగొట్టి ఏ స్వరాలు ఏ స్పీకర్‌కి వెళ్లాలో పంచే కాయిల్స్, కండెన్సర్ల బోర్డు) పీకేసి రెడీమేడ్‌ది వేసేస్తానన్నారు. ఇంకొకాయన లోపలున్న కండెన్సర్లన్నీ తీసేసి ఖరీదైన పాలీప్రొపిలీన్‌వి వేయమన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి అని.

ఇద్దరి మాటా వినకండి. పాత నెట్‌వర్క్ ఉంచేయండి, కాయిల్స్ ముట్టుకోకండి, ఎలక్ట్రోలిటిక్ (లోపల తడి రసాయనం ఉండే రకం) కండెన్సర్లు మాత్రం రెండు బాక్సుల్లోనూ ఒకేసారి, కొలిచి జతచేసినవి వేయండి. ఎడమది ఒక్కటే పాడైంది కదా, దాన్నే మారుద్దాం అనుకోవద్దు. ఆ పని కంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది, మీరు పెట్టిన ఫొటోలోనే కనిపిస్తోంది, అక్కడికే వస్తున్నాను.

నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ముప్పై ఏళ్లకు పైగా రేడియోలు, ఆంప్లిఫయర్లు, బాక్సులు బాగు చేశాను. ఇప్పుడు షాపు లేదు, ఇంట్లోనే సరదాకి చేస్తున్నాను. చదువుకుని చెప్పేది కొంత, చెడగొట్టి నేర్చుకున్నది చాలా.

ఫొటోలో కుడి బాక్సు నెట్‌వర్క్ మీద ట్వీటర్‌కి వెళ్లే కండెన్సర్ 4.7 మైక్రోఫారడ్ (కండెన్సర్ విలువకి కొలత ఇదే), నాన్-పోలార్, అంటే ప్లస్ మైనస్ తేడా లేనిది. ఎడమ దాంట్లో అదే చోట 10 మైక్రోది ఉంది, దాని ఒంటి మీద మైనస్ గీత కూడా ఉంది, పోలార్ రకమన్నమాట. అంటే కంపెనీ వేసింది కాదు, మధ్యలో ఎవరో చేతికి దొరికింది వేశారు. మీ గోల అంతా దాదాపు ఇక్కడే ఉంది.

ఎందుకో చెప్తాను. ట్వీటర్‌కి సిరీస్‌లో ఉన్న కండెన్సర్ ఒక గేటు లాంటిది, కింది స్వరాలని ఆపి పైవాటిని వదులుతుంది. ఆ గేటు ఎక్కడ తెరుచుకుంటుందో తెలియాలంటే 1,59,000ని ట్వీటర్ ఓంలతోనూ కండెన్సర్ మైక్రోఫారడ్లతోనూ భాగించండి చాలు. 8 ఓంల ట్వీటర్, 4.7 మైక్రో అయితే సుమారు 4,200 హెర్ట్జ్. అదే 10 మైక్రో వేస్తే సుమారు 2,000 హెర్ట్జ్. ఇది మొత్తం నెట్‌వర్క్ లెక్క కాదు, పక్కన కాయిల్ కూడా ఉంటే లెక్క మారుతుంది, కానీ ఏ వైపు జరిగిందో తెలియడానికి సరిపోతుంది. ఒక ఆక్టేవ్‌కి పైగా, అంటే సగం కంటే కిందకి దిగింది. పాటలో పవరంతా కిందనే ఉంటుంది కాబట్టి ట్వీటర్‌లోని ఆ చిన్న డోము మీద మోయలేనంత బరువు పడింది. పైగా పోలార్ కండెన్సర్‌కి ఆడియో లాంటి, అటూ ఇటూ మారే ఏసీ కరెంటు ఇస్తే సగం సైకిల్ ఉల్టా పడుతుంది. సౌండ్ పెంచినకొద్దీ ఆ ఉల్టా వోల్టేజి పెరిగి లోపలి ఆక్సైడ్ పొర దెబ్బతింటుంది, లీక్ అవుతుంది, విలువ ఎక్కడికో పోతుంది. కొన్నాళ్లు పాడుతుంది, అందుకే వేసినాయన పైసలు తీసుకుని వెళ్లిపోగలిగారు.

కాబట్టి మొదట ట్వీటర్ బతికుందో లేదో చూడండి. బాక్సు నుంచి దాని వైర్లు ఊడదీసి మల్టీమీటర్ ఓంలలో పెట్టండి. 8 ఓంల ట్వీటర్ అయితే సుమారు 5.5 నుంచి 7 మధ్య చూపాలి, రెండు బాక్సులవీ దగ్గరదగ్గరగా ఉండాలి. ఏమీ చూపకపోతే ట్వీటర్ లోపలి కాయిల్ తెగింది. చూపించినా బాగుందని గ్యారంటీ లేదు. లోపల ఫెర్రోఫ్లూయిడ్ (అయస్కాంతానికి అంటుకుని ఉండే నూనె లాంటిది) ఉన్న రకమైతే ఇన్నేళ్లకి అది ఎండి జిగురైపోయి కాయిల్‌ని పట్టేసి ఉండొచ్చు, అప్పుడు రీడింగు కరెక్టుగానే ఉంటుంది, శబ్దం మాత్రం నీరసంగా వస్తుంది.

అసలు పరీక్ష మార్చి చూడటమే. ముందు ఆంప్లిఫయర్ వెనక వైర్లు ఎడమవి కుడికి, కుడివి ఎడమకి మార్చండి. తప్పు అదే బాక్సులో ఉంటే ఆంప్లిఫయర్‌కి సంబంధం లేదు. తర్వాత ఎడమ ట్వీటర్‌ని తెచ్చి కుడి నెట్‌వర్క్‌కి తగిలించి తక్కువ సౌండ్‌లో వినండి. దీన్ని తిరగేసి మాత్రం చేయకండి, అంటే బాగున్న కుడి ట్వీటర్‌ని ఆ 10 మైక్రో ఉన్న ఎడమ నెట్‌వర్క్‌కి తగిలించకండి. ఉన్న ఒక్కటీ పోతుంది. ఇంకొకటి, ఊఫర్ ఫేజు (ప్లస్, మైనస్ సరిగ్గా కలిశాయా అని) చూడటానికి పెన్సిల్ సెల్ తగిలించి కోన్ ముందుకొస్తోందా వెనక్కెళ్తోందా అని చూస్తాం కదా, ఆ పని ట్వీటర్‌కి చేయొద్దు.

బాక్సు ముందో వెనకో ట్రెబుల్, మిడ్ అని తిప్పే నాబ్‌లు ఉన్నాయా? మీరు రాయలేదు. ఉంటే కండెన్సర్ కంటే ముందు వాటిని అనుమానించండి. లోపల వైరు చుట్టిన రియోస్టాట్ (తిప్పి రెసిస్టెన్స్ మార్చేది) ఉంటుంది, దాని మీద చిన్న రేకు జారుతుంది. మన వైపు సముద్రపు గాలికి ఆ రేకు కింద తుప్పు పట్టి కాంటాక్ట్ పోతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి ఇరవై ముప్పై సార్లు తిప్పితే చచ్చిపోయిందనుకున్న ట్వీటర్ లేచి కూర్చున్న సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. కస్టమర్ ముందు చేస్తే డబ్బులు అడగడానికి మొహమాటం వేసేది.

ఇప్పుడు రెడీమేడ్ నెట్‌వర్క్ ఎందుకు వద్దన్నానో చెప్తాను. బజార్లో దొరికే ఆ పచ్చ బోర్డు ఎవరి ఊఫర్ కోసమూ చేసింది కాదు, అన్నిటికీ సుమారుగా సరిపోవాలని చేసింది. మీ బాక్సు తయారుచేసినవాళ్లు ఫలానా ఊఫర్ పైన ఎక్కడ గోల చేస్తుంది, ఫలానా ట్వీటర్ ఎన్ని డీబీలు (శబ్దం ఎంతో చెప్పే కొలత) ఎక్కువ అరుస్తుంది అని చూసుకుని ఆ కాయిల్, ఆ కండెన్సర్, ఆ రెసిస్టర్ పెట్టారు. ఉదాహరణకి 8 ఓంల ట్వీటర్‌ని 3 డీబీ తగ్గించాలంటే సిరీస్‌లో సుమారు 2.3 ఓంలు, అడ్డంగా సుమారు 19 ఓంలు పెడతాం. ఆ రెండు తెల్ల సిమెంటు రెసిస్టర్లు చూసి ఇవెందుకులే అని తీసేసిన వాళ్లని చూశాను. తీస్తే వినడానికి మొదటి రోజు ఎంతో క్లియర్‌గా అనిపిస్తుంది, వారం తర్వాత తలనొప్పి. బీబీసీ వాళ్లు 1970ల్లో చేయించిన ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న మానిటర్‌లో ట్రెబుల్ లెవెల్ సరిచేయడానికి ట్యాపులున్న కాయిలే పెట్టారు, ఎందుకంటే ఒకే కంపెనీ, ఒకే మోడల్ యూనిట్లయినా ఒకదానికొకటి కొంచెం తేడా ఉంటాయి. అంత చూసుకుని చేసే పని అది. పచ్చ బోర్డు వేయడమంటే ఒకరి కళ్లద్దాలు ఇంకొకరికి పెట్టడమే.

రెండో ఆయన చెప్పిన ఖరీదైన కండెన్సర్ల సంగతి. ఇది పూర్తిగా తప్పు కాదు, సగం నిజం, అందుకే ప్రమాదం. నా కథ చెప్తాను. మా ఊళ్లో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు, వయొలిన్ వినే చెవులు ఇక్కడ ఎక్కువే. అలాంటి చెవులున్న ఒక రిటైర్డ్ మేష్టారు తన బాక్సులు తెచ్చారు. ట్వీటర్ కండెన్సర్ 4.7 మీద రాసి ఉంది, మీటర్‌లో చూస్తే 5.6 దాకా వచ్చింది. పాత నాన్-పోలార్ ఎలక్ట్రోలిటిక్స్ చాలావరకు ఇలాగే పైకి జరుగుతాయి. సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్ దీనికి ఉల్టా, అది తగ్గుతుంది, అందుకే ఫ్యాన్ నెమ్మదిస్తుంది. నేను పాతవి తీసేసి మంచి ఫిల్మ్ కండెన్సర్లు (పాలీప్రొపిలీన్‌వి ఈ రకమే) వేసి, గర్వంగా పంపించాను. మూడో రోజు రిక్షాలో బాక్సులతో సహా వచ్చేశారు. "ఏటి బాబూ, కమాను తీగ మీద కాదు, నా చెవి మీద లాగుతున్నట్టుంది" అన్నారు.

మేష్టారు చెప్పింది నిజమే. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ లోపల కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, ఈఎస్ఆర్ అంటారు. కొత్తగా ఉన్నప్పుడే అది ఒక ఓం అటూ ఇటూ ఉండొచ్చు, వయసు మీద పడితే ఇంకా పెరుగుతుంది. ఆ బాక్సు డిజైన్ చేసినవాళ్లు ఎలక్ట్రోలిటిక్ పెట్టే విని సరిచూసుకున్నారు, అంటే ఆ ఓం కూడా డిజైన్‌లో భాగమే. 8 ఓంల ట్వీటర్ ముందు 1 ఓం ఉంటే లెవెల్ 1 డీబీ తగ్గుతుంది, 2 ఓంలుంటే దాదాపు 2 డీబీ. ఫిల్మ్ కండెన్సర్‌లో ఈఎస్ఆర్ లేనట్టే. దాన్ని వేయడమంటే ట్రెబుల్ నాబ్ కొంచెం పెంచి గమ్ వేసి అతికించడమే. ఒక్కో బాక్సులో 1 ఓం, 5 వాట్ల రెసిస్టర్ కండెన్సర్‌కి సిరీస్‌లో పెట్టి పంపాను. ఆ తర్వాత మేష్టారు మళ్లీ వచ్చింది రేడియో బాగు చేయించుకోవడానికే.

అయితే ఇక్కడ ఒక మాట. ముసలి కండెన్సర్‌లో ఇప్పుడున్న ఈఎస్ఆర్ ఎంతో కొలిచి అంతా పెట్టేయకండి. అది రోగం కలిసిన లెక్క. కొత్త నాన్-పోలార్ ఒకటి కొని కొలిచి దాని లెక్క తీసుకోండి. 0.5 నుంచి 1 ఓం మధ్య మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి.

మీకైతే నేను చెప్పేది: ట్వీటర్ స్థానంలో 4.7 మైక్రో ఫిల్మ్ ఒకటి, దానికి చిన్న రెసిస్టర్. మిడ్‌కి వెళ్లే 22 మైక్రో స్థానంలో మళ్లీ నాన్-పోలార్ ఎలక్ట్రోలిటిక్కే వేయండి, 100 వోల్టులది. అంత పెద్ద విలువలో ఫిల్మ్ అంటే అగ్గిపెట్టె కంటే పెద్దది, ఖరీదు కూడా, వినడానికి ఆ తేడా మీకు తెలియదు. వోల్టేజి గురించి టెన్షన్ వద్దు. 50 వాట్ల ఆంప్లిఫయర్ 8 ఓంలకి ఇచ్చేది 20 వోల్టులే, పీక్ 28. 100 వోల్టులది ఉంటే ధారాళం.

సరుకు ఎక్కడ? శ్రీకాకుళంలో నాన్-పోలార్ అడిగితే చాలా షాపుల్లో మొహం చూస్తారు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, లేదంటే ఆన్‌లైన్. అంత దూరం ఎందుకు అనుకుంటే ఒక పల్లెటూరి ఉపాయం ఉంది, నేను ఎన్నోసార్లు చేశాను. సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్ అంటే 440 వోల్టుల మెటలైజ్డ్ పాలీప్రొపిలీన్ ఫిల్మే. ఎలక్ట్రికల్ షాపులో 2.25, 2.5, 3.15, 4 మైక్రోలలో దొరుకుతాయి. 2.25, 2.5 ప్యారలల్‌గా కలిపితే 4.75, అంతకంటే ఏం కావాలి. చూడ్డానికి అందంగా ఉండదు, బాక్సు లోపల చూసేదెవరు. కొత్తవే కొనండి, ఫ్యాన్‌లోంచి తీసినవి వద్దు, అవి ఎందుకు తీశారో గుర్తుంచుకోండి.

వేరే దారి లేక, ఈ ఆదివారమే పాట వినాలి అంటే రెండు 10 మైక్రో పోలార్‌వి మైనస్‌కి మైనస్ కలిపి సిరీస్‌లో వేయండి, 5 అవుతుంది. పాత మెకానిక్కులందరికీ తెలిసిన చిట్కా. తాత్కాలికానికి మంచిదే.

ఇక జతచేయడం, ఇదే అసలు పని. కండెన్సర్ మీద 10 శాతం టాలరెన్స్ అని ఉంటే 4.7 అనేది 4.23 కావచ్చు, 5.17 కావచ్చు, రెండూ కంపెనీ లెక్కలో పాసే. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పడితే? అందుకే రెండు కావాలంటే ఆరో ఎనిమిదో కొని, ఎల్‌సీఆర్ మీటర్ (కాయిల్, కండెన్సర్ విలువలు కొలిచేది) మీద కొలిచి, దగ్గరున్న రెంటిని తీసుకుంటాను. నా హద్దు 2 శాతం. రాసిన విలువకి కొంచెం తేడా ఉన్నా పర్వాలేదు, రెండూ ఒకదానికొకటి తేడా ఉండకూడదు. రెండూ 4.9 అయితే మీకు ఎప్పటికీ తెలియదు, ఒకటి 4.4, ఒకటి 5.1 అయితే పాట ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, ఎందుకో అర్థం కాక బల్ల జరుపుతూ కూర్చుంటారు. కొలిచేటప్పుడు ఒక కాలు టంకం విప్పి కొలవండి. బోర్డు మీదే కొలిస్తే పక్కనున్న కాయిల్, ట్వీటర్ అన్నీ కలిసి ఏదో అంకె వస్తుంది, దాన్ని నమ్మి మోసపోతారు.

కాయిల్స్ ముట్టుకోవద్దన్నాను కదా. రాగి తీగ చుట్ట, అందులో పాడయ్యేది తక్కువ. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి ఉద్దానం వైపు ఒక ఇంట్లో రేకు లేచిపోయి బాక్సులు రెండు రోజులు నీళ్లలో నానాయి. నా దగ్గరికి వచ్చేసరికి చెక్క పొట్టు ఉబ్బి బాక్సు బొబ్బట్టులా ఉంది, కాయిల్ చివర్లు పచ్చగా చిలుం పట్టాయి. పోయాయనే అనుకున్నాను. కొలిస్తే రెండు కాయిల్స్‌కీ లెక్క ఒకటే, కొత్తవాటిలా. చివర్లు గీకి కొత్తగా టంకం వేశాను, అంతే. పోయిందల్లా చెక్క.

చాలామంది ఐరన్ కోర్ (మధ్యలో ఇనుము ఉన్న) కాయిల్ చూసి ఇది చీప్ అని తీసేసి ఎయిర్ కోర్ (మధ్యలో ఖాళీ ఉన్నది) వేస్తారు. ఎయిర్ కోర్‌కి చుట్లు ఎక్కువ కావాలి, తీగ పొడవు పెరుగుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఊఫర్‌కి సిరీస్‌లో అర ఓం పెరిగినా బాస్ బిగువు తగ్గి గుమ్ముమంటుంది. కాయిల్ ఉన్న దిక్కు కూడా మార్చొద్దు. ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా పెట్టి ఉంటే అది అలంకారం కాదు, ఒకదాని అయస్కాంత క్షేత్రం ఇంకొకదాన్ని కెలక్కుండా ఉండటానికి. ఎయిర్ కోర్ మధ్యలోంచి ఇనప స్క్రూ బిగిస్తే దాని విలువే మారిపోతుంది, ఇత్తడిదో ప్లాస్టిక్‌దో వాడండి.

వైర్లు విప్పే ముందు నాలుగు వైపుల నుంచి ఫొటో తీసుకోండి, కాగితం మీద బొమ్మ కూడా వేసుకోండి. ట్వీటర్ లేదా మిడ్ ప్లస్‌కి నల్ల వైరు వెళ్తుంటే "ఎవడో తప్పు చేశాడు" అని సరిచేయకండి. కండెన్సర్, కాయిల్ రెండూ ఉన్న సెకండ్ ఆర్డర్ నెట్‌వర్క్‌లో క్రాసోవర్ దగ్గర, అంటే ఒక స్పీకర్ ఆపి ఇంకొకటి అందుకునే చోట, రెండు యూనిట్ల మధ్య 180 డిగ్రీల తేడా వస్తుంది, అందుకే కావాలని ఒకటి ఉల్టా కలుపుతారు. నా దగ్గర పనిచేసిన కుర్రాడు ఒకడు ఇలా సరిచేసి పంపాడు. కస్టమర్ ఫోన్ చేసి, పాడేవాడు పక్క గదిలోకి వెళ్లిపోయాడండీ అన్నాడు. సరిగ్గా అదే జరుగుతుంది, క్రాసోవర్ దగ్గర శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుని గుంట పడుతుంది. రెండు బాక్సులూ ఒకేలా ఉన్నాయా అన్నదే చూడండి, ఒకేలా ఉంటే ముట్టుకోకండి.

అంతా అయ్యాక వినే పరీక్షకి మైక్రోఫోను, కంప్యూటరూ ఉంటే మంచిదే, లేకపోయినా మన దగ్గర ఒక గొప్ప సాధనం ఉంది, పాత సినిమా పాటలు. ఘంటసాల గారి కాలం రికార్డింగులు దాదాపు అన్నీ మోనో, అంటే రెండు బాక్సులకీ వెళ్లేది ఒకే సిగ్నల్. ఆయన సంగీతం నేర్చుకున్నదీ మా ఊళ్లోనే, అది వేరే సంగతి. రెండు బాక్సులకీ సమాన దూరంలో కూర్చుని కళ్లు మూసుకోండి. గొంతు సరిగ్గా మధ్యలో నిలబడాలి. గొంతు మధ్యలోనే ఉండి స, శ అక్షరాలు మాత్రం ఒక పక్కకి గెంతుతుంటే ట్వీటర్ వైపు జత కుదరలేదు. గొంతే ఒక పక్కకి ఒరిగితే మిడ్ వైపు చూడండి. ఏ పక్కకీ ఒరగకపోయినా పలచగా, ఎక్కడుందో తెలియకుండా ఉంటే ఒక బాక్సు మొత్తం ఫేజు ఉల్టా ఉంది, ముందు స్పీకర్ వైర్లే చూసుకోండి. మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం సౌండ్ బాక్సుల దగ్గరికి వెళ్లొచ్చిన రోజు మాత్రం ఈ పరీక్ష పెట్టుకోకండి, చెవులు మర్నాటికి గానీ కుదుటపడవు.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఏమీ కొనకుండా రెండు ట్వీటర్ల ఓం రీడింగులు, వాటి వెనకున్న నంబరు, నాబ్‌లు ఉన్నాయో లేవో రాయడం. ఎడమ ట్వీటర్ పోయి ఉంటే లెక్క మారుతుంది. అదే నంబరుది దొరక్క బజార్లో 4 ఓంలది తెచ్చి పెట్టారనుకోండి, అదే 4.7 మైక్రోతో గేటు 8,400 హెర్ట్జ్ దాకా పైకి పోతుంది, మధ్యలో ఖాళీ వస్తుంది. అప్పుడు రెండు ట్వీటర్లూ మార్చి నెట్‌వర్క్‌ని వాటికి తగ్గట్టు సరిచేయాలి. రీడింగులు రానివ్వండి, చూద్దాం. అంతవరకు ఆ ఎడమ బాక్సు వాడకండి.